పోగు లాగని ఉంగరం

"ఇదే ఖాయం చేసేశాం," అంది కాబోయే వదిన నగల షాపులో, ఉంగరాన్ని టైలరమ్మ ఎడమ చేతి వేలికి తొడిగేస్తూ.

టైలరమ్మకి ఒళ్లు మండింది. ఉంగరం బాగోలేక కాదు. ఆరు బంగారు గోళ్లు వజ్రాన్ని పైకెత్తి పట్టుకుని, వీధి చివరివాళ్లకి కూడా కనబడేలా చూపిస్తున్నాయి. మంటంతా ఆ "చేసేశాం" అన్న మాట మీదే. తొడిగేది ఎవరి వేలికి? ఖాయం చేసేది ఎవరు?

టైలరమ్మ అన్న పేరు కాబోయే మొగుడు పెట్టిందే. ఏడాది క్రితం అతని కళ్లజోళ్ల షాపుకి, ఫ్రేము వంకరగా ఉందని పోట్లాటకి వెళ్లిందామె. "ఫ్రేము తిన్నగానే ఉందండీ, మీ చెవులే ఎగుడుదిగుడు" అన్నాడు. ఆ పోట్లాట నిశ్చితార్థం దాకా వచ్చింది.

ఆమె తన సిల్కు స్కార్ఫ్ మీద చెయ్యి అలా పోనిచ్చింది. ఉంగరం గోళ్లకి తగిలి టక్కున పోగు లేచింది.

"చూశారా వదినా? ఇది పెట్టుకుని సిల్కు బట్టలు ఎలా కుట్టను?"

"పెళ్లయ్యాక కూడా కుడతావా ఏంటి?" వదిన నవ్వేసింది. "మా తమ్ముడు సంపాదిస్తున్నాడుగా!"

ఆమె పక్కనే నిలబడ్డ అతని వైపు తిరిగింది. "నువ్వేమంటావ్?"

"అంటే... అక్కకి ఇలాంటివి బాగా తెలుసు కదా అని..."

"నా పని గురించి అడుగుతున్నాను. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?"

రాలిపోతాయన్నట్టే నిలబడ్డాడు మహానుభావుడు. ఆమె ఉంగరం తీసి కౌంటర్ మీద పెట్టి, వానని కూడా లెక్కచేయకుండా బయటికి నడిచింది.

అతను గొడుగు పట్టుకుని వెనకే పరిగెత్తుకొచ్చాడు. "ఆగవోయ్! ఒక్క ఉంగరానికి ఇంత గొడవా?"

"ఉంగరానికా? నా చెవులు ఎగుడుదిగుడని మొదటిరోజే కనిపెట్టావ్. ఏడాదిగా ఈ చెయ్యి పట్టుకు తిరుగుతున్నావ్. ఇది ఏం పని చేస్తుందో ఒక్కసారైనా చూశావా? గుడ్డ మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని లోపం ఎక్కడుందో చెప్తాను నేను. అది మానెయ్యమంటే నీకు ఏమీ అనిపించలేదు!"

"నేను మానెయ్యమన్లేదు కదా..."

"మానొద్దని కూడా అన్లేదు. ఆ ఉంగరం అంత నచ్చితే నువ్వే పెట్టుకో!"

గొడుగు అక్కర్లేదని తోసేసి, తడుస్తూనే వెళ్లిపోయింది. కోపంతో పాటు ఏడుపు కూడా వచ్చింది. అది వాన ఖాతాలో పోయింది.

మూడు రోజులు అతని ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు నగల షాపు పెద్దాయన నుంచి ఫోన్. "అమ్మా, మీ పెళ్లికొడుకు పొద్దున్నుంచీ నా కౌంటర్ వదలడం లేదు. వచ్చినవాళ్లంతా నవ్వుతున్నారు. కాస్త వచ్చి తీసుకెళ్లు తల్లీ."

వెళ్లింది, చెడామడా తిడదామనే వెళ్లింది. అతను చిటికెన వేలి కొసకి ఆడవాళ్ల ఉంగరం తగిలించుకుని, కౌంటర్ మీద పరిచిన లేతపసుపు సిల్కు చొక్కాని శ్రద్ధగా నిమురుతున్నాడు.

"ఏయ్! అది నిశ్చితార్థానికి నేను కుట్టిన చొక్కా!"

మూడు వారాల సాయంత్రాలు పోసి కుట్టిన చొక్కా. ఛాతీ మీదా, చేతుల మీదా పోగులు లేచి ఉన్నాయి.

"పదకొండు ఉంగరాలు, పదకొండు పోగులు," అన్నాడు నీరసంగా.

"బుద్ధుందా నీకు? ఓ పాత గుడ్డ దొరకలేదా?"

"నువ్వు కుట్టినదాని మీద చూస్తేనే కదా తెలిసేది. మొదటి పోగు లేవగానే నాకు ప్రాణం ఉసూరుమంది. రోజూ ఈ పని చేసే నీకెలా ఉంటుందో అప్పుడర్థమైంది. తప్పు నాదే."

ఆమె లేచిన పోగు ఒకదాన్ని వేలితో మెల్లగా సర్దింది.

అతను పన్నెండో ఉంగరం ముందుకు జరిపాడు. వజ్రం చుట్టూ సన్నటి బంగారు అంచు, పైకి లేచింది ఏదీ లేదు. "రోజూ అద్దాలు ఫ్రేముల్లో బిగించేవాణ్ని, ముందే తట్టాలి నాకు. చుట్టూ అంచు పట్టుకుని ఉంటే గోళ్లెందుకు?"

"మీ అక్క ఒప్పుకుంటుందా?"

"నిన్ననే చెప్పాను. తను కుట్టడం మానదు, ఉంగరమే మారుతుంది అని. అలిగింది. అలగనీ."

"ముత్యాలేమైనా రాలాయా?"

"ఒక్కటీ రాలలేదు."

ఆమె ఉంగరం తొడుక్కుంది. కళ్లు మూసుకుని, చొక్కా భుజం నుంచి అంచుదాకా అరచెయ్యి నిమిరింది. కొత్తగా ఒక్క పోగూ లేవలేదు. కళ్లు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి, ఈసారి వాన లేదు.

"కోపం పోయిందా?" అడిగాడతను.

"పోలేదు. ఆ చొక్కా ఇలా పడెయ్. ఎల్లుండికల్లా పది పోగులు సరిచెయ్యాలి."

"పదకొండు కదా?"

"పదే."

నిశ్చితార్థం రోజు అతని పక్కన ఫొటోకి నిలబడుతూ వదిన ఉలిక్కిపడింది. "అయ్యో, ఛాతీ మీద పోగు లేచిందిరా!"

"ఉండనీండి వదినా," అంది ఆమె, ఆ పోగుని ఉంగరం చేత్తో నెమ్మదిగా నిమురుతూ. "ఇంకోసారి ఈయన నోరు పెగలకపోతే చూపించడానికి ఉంచాను."