మస్టరు నిండింది

పొద్దు వాలాక ఆ రాతిగనిలో మనుషుల్ని లెక్కపెట్టకూడదంటారు.

పెడితే లెక్క తప్పుతుందని కాదు. తప్పదట… అదే భయం. ఎవరు మిగిలిపోయినా సరే, లెక్క మాత్రం నిండుగా వస్తుందట.

పాత నగరం నుంచి బస్సులో రెండు గంటల దారి. నగరం చుట్టూ ఉన్న కోటగోడకు రాయంతా ఒకప్పుడు అక్కడే తొలిచారు. పని ఆగిపోయి మూడు వందల ఏళ్ళు దాటింది. తొలిచినచోట లోయ మిగిలింది, లోయలోకి వాగు వచ్చి చేరింది, వాగు వెంట చెట్లు వచ్చాయి. ఇప్పుడది సెలవురోజు పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగివచ్చే చోటు. నాచు పట్టిన రాతిమెట్లు, సన్నని జలపాతం, పేరు తెలియని పిట్టలు. ఫోటోల్లో ఎంతో ముచ్చటగా ఉంటుంది. కాని ఆరు దాటాక అక్కడ బస్సు ఆపడానికి ఏ డ్రైవరూ ఒప్పుకోడు.

ఎందుకంటే ఒక కథ చెబుతారు. గనిలో ఒకనాడు చరియ విరిగి, రాయి కొట్టే కూలీ ఒకడు లోపల చిక్కుకున్నాడు. సాయంత్రం మేస్త్రీ మనుషుల్ని లెక్కపెట్టాడు. సరిపోయింది. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. లోపలున్నవాడు సుత్తితో బండను కొడుతూనే ఉన్నాడు… మూడు దెబ్బలు, ఆగి, మళ్ళీ మూడు దెబ్బలు… ఎన్నాళ్ళు కొట్టాడో తెలియదు. అప్పటినుంచి అక్కడ ఎవరు వెనకబడినా, వాళ్ళ బదులు వాడొచ్చి వరసలో చేరతాడట. ఇంటికి పోదామని.

ఈ కథను మేష్టారు ప్రతి ట్రిప్పులోనూ చెప్పేవారు. చెప్పి, అక్కడికక్కడే దాని గాలి తీసేసేవారు.

ఆయన ఇరవై ఏళ్ళకు పైగా బళ్ళో చరిత్ర పాఠం చెప్పి, ఇప్పుడు సెలవురోజుల్లో యాత్రికులను తిప్పే గైడుగా ఉంటున్నారు. ఎవరేమన్నా "ఆధారమేదీ?" అని అడగడం వల్ల ఆయనకు ఆధారం మేష్టారని పేరు పడింది. ఆ రోజు కూడా గని అడుగున, చల్లని నీడలో నిలబడి, సంచిలోంచి ఒక కాగితం తీశారు.

"ఇది ఆ గని మస్టరుకు నకలు. అంటే కూలీల హాజరుపట్టీ. చరియ విరిగిన రోజున పొద్దున లోపలికి దిగినవాళ్ళు డెబ్బై రెండు. సాయంత్రం బయటికి వచ్చినవాళ్ళు డెబ్బై రెండు. ఒక్కడూ తగ్గలేదు. దెయ్యం ఉండాలంటే ముందొకడు చచ్చిపోవాలి కదండీ!"

అందరూ నవ్వారు. బస్సులో వచ్చిన పళ్ళ డాక్టరమ్మ అందుకుంది, "పోనీ వాడికి బదులు మా ఆయన్ని వదిలేసి వెళ్దామా? లెక్క ఎలాగూ నిండుతుందిగా."

"ఏడింటిలోపు ఆలోచించుకోండి," అన్నారు మేష్టారు. "పైనున్న ఆనకట్ట గేట్లు రోజూ ఏడింటికి ఎత్తుతారు. ముందు సైరను కూస్తుంది. ఆ తరవాత పది నిమిషాల్లో మనం నిలబడ్డ ఈ నేల నిలువులోతు మునిగిపోతుంది. దెయ్యానికి భయపడనక్కర్లేదు, నీళ్ళకు భయపడండి. అయిదున్నరకల్లా పైన బస్సు దగ్గర ఉండాలి."

అందరూ తలలాడించారు. ఒక్కావిడ మాత్రం వినలేదు. వినలేదంటే, వినబడలేదు.

ఆమె మేష్టారి అక్క. ముప్పై ఏళ్ళు నేతమిల్లులో పనిచేసి, మరమగ్గాల హోరులో చెవులు రెండూ పోగొట్టుకుంది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టేది. చెవులు పోయాక అరచేతులు పదునెక్కాయని తానే చెప్పుకునేది. మిల్లులో గోడకు చెయ్యి ఆనించి, అవతలి గదిలో ఏ మగ్గం ఆగిందో చెప్పేసేదట. తమ్ముడు ఇంతమందిని తిప్పుతాడే గాని తననెన్నడూ తీసుకెళ్ళలేదని దెప్పగా దెప్పగా, చివరికి ఆ ఆదివారం బస్సెక్కించారు. ఇంటిమనిషికి టిక్కెట్టేమిటని జాబితాలో పేరు రాయించలేదు.

జాబితాలో పద్దెనిమిది మంది. పొద్దున కోటగోడ పక్కన బస్సు బయల్దేరేటప్పుడు మేష్టారు ముందునుంచి వెనక్కి వేలు చూపిస్తూ లెక్కపెట్టారు. పద్దెనిమిది. సరిపోయింది. ఆఖరి వరసలో మూలనున్న అక్క చెయ్యి ఊపింది. అక్కడ ఇంజను వణుకు బాగా తెలుస్తుందని కోరి కూర్చుంది.

అయిదింటికి వాన మొదలైంది.

చిన్న వాన కాదు. ఆకాశం ఒక్కసారిగా నల్లబడి కురిసిన వాన. మేష్టారు ఈల ఊదారు. మెట్లమీద జారుతూ, కేకలు పెట్టుకుంటూ అందరూ పైకి పరుగెత్తారు. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే తడిబట్టలు పిండుకుంటున్నారు. అద్దాలకు ఆవిరి పట్టింది. బస్సులో దీపం వెలగలేదు.

"మేష్టారూ," డ్రైవరు గొంతు తగ్గించాడు. "లెక్కపెట్టకండి. పక్కవాళ్ళు ఉన్నారా అని ఒక్కొక్కర్నీ అడగండి, చాలు. నేనిక్కడ ఎప్పుడూ అంతే."

"పదేళ్ళుగా తిప్పుతున్నావు, ఒక్క దెయ్యాన్నయినా చూశావా?"

"చూడకూడదనే కదండీ అడగమంటున్నది."

మేష్టారు నవ్వి, ముందునుంచి వెనక్కి నడిచారు. ఒకటి… రెండు… మూడు… చీకట్లో ముఖాలు తెలియడం లేదు, తలలు తెలుస్తున్నాయి. పదహారు… పదిహేడు… ఆఖరి వరస మూలలో ఒకరు తలమీద తడిగుడ్డ కప్పుకుని, మోకాళ్ళమీదికి వంగి ఉన్నారు. అలిసిపోయినట్టున్నారు. ముఖమ్మీద లైటు వెయ్యడం మర్యాద కాదనిపించింది.

పద్దెనిమిది.

"సరిపోయింది. పోనీ!"

బస్సు కదిలింది. ఘాటురోడ్డు మలుపులు దిగి, టీ కొట్టు దగ్గర ఆగేసరికి ఆరుంబావు. మేష్టారు రెండు గ్లాసులు పట్టుకుని ఎక్కారు. ఒకటి తనకు, ఒకటి అక్కకు. సందులోంచి జాగ్రత్తగా ఆఖరి వరస దాకా వెళ్ళారు.

మూల సీటు ఖాళీగా ఉంది.

"అక్క ఏదీ?"

పళ్ళ డాక్టరమ్మ వెనక్కి తిరిగింది. "ముందు మీ పక్కన కూర్చున్నారేమో అనుకున్నామండీ… ఎక్కినప్పటినుంచీ ఆ వరసలో ఎవరూ లేరు."

గ్లాసులు ఎక్కడ పెట్టారో మేష్టారికి తెలియలేదు.

డ్రైవరు వెంటనే స్టీరింగు అందుకున్నాడు. ఆ ఇరుకు రోడ్డుమీదే బస్సు తిప్పాడు. వైపర్లు కొట్టుకుంటున్నాయి. మేష్టారు తలుపు కమ్మీ పట్టుకుని నిలబడి, లెక్క తేల్చుకున్నారు. జాబితాలో పద్దెనిమిది. బస్సులో పద్దెనిమిది. అక్క జాబితాలో లేదు. లెక్క తప్పలేదు, జాబితా తప్పింది. మూల సీట్లో చూసినవాళ్ళు ఎవరో ముందుకు మారి ఉంటారు. అంతే… ఇందులో వింతేమీ లేదు. ఊరందరినీ లెక్కపెట్టి, తోడబుట్టినదాన్ని మరిచిపోయాను. అంతే.

ఆ 'అంతే' గుండెల్లో రాయిలా కూర్చుంది.

గని అంచుకు చేరేసరికి ఏడుకు పది నిమిషాలు. టార్చితో మేష్టారు, వెనక తాడుతో డ్రైవరు. మెట్లమీద నీళ్ళు జారుతున్నాయి. సగం దిగారో లేదో…

సైరను కూసింది.

లోయంతా ఆ కూతతో నిండిపోయింది. ఆమెకు తప్ప అందరికీ వినబడే కూత. పేరు పెట్టి పిలవబోయి మేష్టారు నోరు మూసుకున్నారు. పిలిచి ఏం లాభం? టార్చిని గోడలమీద తిప్పారు. తడిరాయి… తడిరాయి… నాచు… తడిరాయి…

అప్పుడు వినబడింది. టక్. టక్. టక్.

ఆగింది.

టక్. టక్. టక్.

డ్రైవరు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "మేష్టారూ… వద్దు…"

ఆయన విదిలించుకుని ఆ చప్పుడు వైపే పరుగెత్తారు. జలపాతం పక్కన బండ లోపలికి గుహలా తొలిచిన చోట, చీలమండల లోతు నీళ్ళలో, అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. ఎడమ అరచెయ్యి రాయిమీద ఉంది. కుడిచేతిలో గులకరాయి.

లైటు పడగానే ముఖం తిప్పింది. మేష్టారు టార్చిని తన ముఖమ్మీదికే తిప్పుకున్నారు, పెదాలు కనబడాలని.

"లే! నీళ్ళొస్తున్నాయి!"

"కాలు బెణికిందిరా," అంది తాపీగా. "నువ్వొస్తావులే అని కూర్చున్నా. లెక్కపెట్టుకుంటావుగా, నేను లేనని తెలుస్తుందిగా."

మేష్టారు టార్చి ఆర్పేశారు.

నడుముకు తాడు కట్టి, ఇద్దరూ చెరోవైపు పట్టి ఎక్కించారు. పదో మెట్టు దగ్గర ఉండగా కింద ఏదో పెద్దగా నిట్టూర్చినట్టయింది. వెనక్కి లైటు వేస్తే, ఆమె కూర్చున్న గుహ లేదు. మట్టిరంగు నీళ్ళు గిర్రున తిరుగుతున్నాయి.

బస్సులో తువ్వాళ్ళు కప్పారు. ఎవరో బిస్కట్లు ఇచ్చారు. ఈసారి మేష్టారు లెక్కపెట్టలేదు. డ్రైవరే వెనక్కి తిరిగి, పక్కవాళ్ళున్నారా అని అడిగాడు. అందరూ ఉన్నారన్నారు.

దారిలో తన ముఖానికి లైటు పట్టుకుని మేష్టారు అడిగారు. "అంత లోపలికి ఎందుకెళ్ళావక్కా?"

"గోడమీద చెయ్యి పెట్టానురా, మామూలుగా. లోపల ఎవరో కొడుతున్నారు. మూడు, ఆగి, మూడు. ఎవరో చిక్కుకున్నారని రాయి తీసుకుని నేనూ కొట్టాను. జవాబిచ్చాడు! వదిలేసి ఎలా రాను? నిన్ను పిలుద్దామని లేస్తే కాలు జారింది."

"ఎండకు కాగిన రాయి వానకు చల్లబడితే అలా చిటపటమంటుంది."

"మిల్లులో ముప్పై ఏళ్ళు చేశానురా. వస్తువు చేసే చప్పుడుకూ మనిషి చేసే చప్పుడుకూ తేడా నా చేతికి తెలియదూ?"

"మేమొచ్చేటప్పటికీ కొడుతున్నాడా మరి?"

"లేదు. పైన బస్సు హెడ్‌లైట్లు వెలిగాయి చూడు… అప్పుడు ఆగిపోయింది. ఆ తరవాత నేనే కొడుతూ కూర్చున్నా. ఎవరో బయటికి తీసి తీసుకెళ్ళుంటారు, పాపం."

మేష్టారు లైటు ఆర్పి కిటికీవైపు తిరిగారు. రాయి. వాన. చల్లదనం. ఆధారాలన్నీ వరసగా పేర్చుకుంటూ కూర్చున్నారు. నగరం దీపాలు కనబడేసరికి కాస్త ఊపిరి తిరిగింది.

బస్సు కోటగోడ పక్కన ఆగింది. ఒక్కొక్కరే దిగి, అక్కగారికి నమస్కారాలు చెప్పి వెళ్ళిపోయారు. డ్రైవరు ఎండకు అడ్డంగా దించుకునే రేకు వెనకనుంచి ఒక చీటీ తీశాడు.

"పొద్దున మీకిమ్మని బుకింగు అమ్మాయి ఇచ్చిందండీ. మరిచేపోయాను. తిట్టకండి."

వీధిదీపం కింద మేష్టారు చదివారు.

'పన్నెండో సీటాయనకు జ్వరమట, రావడం లేదు. ఈరోజు పదిహేడుగురే.'

రెండోసారి చదివారు.

పొద్దున పద్దెనిమిది… అందులో పద్దెనిమిదో మనిషి అక్క. మరి సాయంత్రం అక్క లేదు. పదిహేడే రావాలి. తాను లెక్కపెట్టింది…

తడిగుడ్డ కప్పుకుని మోకాళ్ళమీదికి వంగిన ఆ తల కళ్ళముందుకు వచ్చింది. సంచిలోని మస్టరు కాగితం గుర్తొచ్చింది. సాయంత్రం డెబ్బై రెండు. ఎన్ని ట్రిప్పుల్లో, ఎంతమందికి చూపించి నవ్వించారు! ఆ మేస్త్రీ కూడా చీకట్లోనే లెక్కపెట్టి ఉంటాడు. ఆ మేస్త్రీ కూడా 'సరిపోయింది' అనే అని ఉంటాడు.

"మేష్టారూ," డ్రైవరు వెనకనుంచి పిలిచాడు. "ఆఖరి వరస సీటుమీద… ఏంటండీ ఇది?"

మేష్టారు బస్సెక్కి చూశారు. మూల సీటుమీద, మనిషి కూర్చున్నంత మేర, తెల్లని రాతిపొడి తడిసి ముద్దగా ఉంది.

కిందికి దిగి, మేష్టారు అక్కకోసం చూశారు. ఆమె కుంటుకుంటూ నాలుగడుగులు వేసి, అలసట తీర్చుకోవడానికి కోటగోడకు ఆనుకుంది. ఆ గనిలోంచి తెచ్చిన రాళ్ళతో కట్టిన గోడకు. మామూలుగా, అలవాటుగా, అరచెయ్యి ఆనించింది.

ఆనించి… అలాగే ఉండిపోయింది.

"ఏమిటక్కా?" దగ్గరికెళ్ళి అడిగారు మేష్టారు. గోడవార చీకట్లో ఆయన పెదాలు ఆమెకు కనబడలేదు. అయినా జవాబు చెప్పింది.

"ఇక్కడికొచ్చాడురా."

ఆమె తమ్ముడి చెయ్యి అందుకుని, వేళ్ళు విప్పి, రాయిమీద పెట్టి నొక్కి పట్టుకుంది.

మూడు.

ఆగి…