నీలి గాజు పెరిగింది

దిల్లీలో కూర్చుని కోస్తా మీద నిఘా పెట్టిన అయ్యలారా, తప్పు మీది. రేవతి శుభ్రంగా తెలుగులో చెప్పింది. మీరు ఆ మాటను కంప్యూటర్‌లో వేసి, ఇంగ్లీషు చేసి, చెప్పిన మనిషినే ద్రోహిని చేశారు.

ఏజెంట్ సుభాషిణికి బ్రీఫింగ్ కారులోనే అందింది. తోటపల్లి గూడూరు దగ్గర బీచ్ రిసార్టు. అందులో ఆధునిక గాజు శిల్పాల ఎగ్జిబిషన్. నడిపేది విక్టర్ అనే విదేశీయుడు. ఏదో ఒక బొమ్మలో స్పూఫర్ దాచాడు. అది ఆన్ అయితే వేటకెళ్లిన పడవల జీపీఎస్ అబద్ధం చెబుతుంది. ఒడ్డుకనుకుని పడవలు క్షిపణి పరీక్షలు జరిగే నిషిద్ధ జలాల్లోకి పోతాయి. ఆ గందరగోళంలో విక్టర్ ముఠా ఓడ చొరబడుతుంది.

"టార్గెట్ రేవతి," అన్నాడు చీఫ్ ఇయర్‌పీస్‌లో. "ముఠాలోకి మనమే పంపాం. ఇప్పుడు డబుల్ ఏజెంట్. నీలి గాజు స్టాకు పెరిగిందని మెసేజ్ పెట్టింది. టీమంతా వెంకటాచలంలో విక్టర్ గోడౌన్‌కి పోయింది. అక్కడ ఖాళీ అట్టపెట్టెలు. అరెస్ట్ చెయ్."

సుభాషిణి టూరిస్టు వేషంలో, మెడలో కెమెరాతో హాల్లోకి నడిచింది. గాజు అలలు, గాజు వలలు, గాజు పీతలు. దేని ముందూ కాలు నిలవలేదు. జడ క్లిప్పులో సిగ్నల్ మీటర్ ఉంది. స్పూఫర్ దగ్గరికొస్తే వణుకుతుంది. నీలి బొమ్మలన్నీ చుట్టేసింది. క్లిప్పు ఉలకలేదు.

గైడ్ వేషంలో రేవతి ఎదురొచ్చింది. ఎర్ర పట్టుచీర, చెవులకు గాజు జుంకీలు. హాల్లో సగం మంది బొమ్మలు వదిలేసి ఆమెనే చూస్తున్నారు.

"ఈ సముద్రంలో ఉప్పుందా?" సుభాషిణి కోడ్ విసిరింది.

"నాకి చూడండి మేడమ్," అని జవాబిచ్చి రేవతి గొంతు తగ్గించింది. "ఏందక్కా, ఒక్కదానివే వచ్చినావు? బలగమేదీ?"

"నువ్వు పంపిన చోటే ఉండాది. స్టాకు పెరిగిందన్నావంట."

"స్టాకా! నీలి గాజు పెరిగిందని కదా చెప్పినా!"

"రెండిటికీ తేడా ఏంది?"

"నీ చేతి గాజు చిట్లితే మీ అమ్మ ఏమంటాది?"

సుభాషిణి తన చేతి గాజుల వైపు చూసుకుంది. ఆమెదీ రేవతి ఊరు విడవలూరే. గాజు పగిలిందనడం అశుభం. పెరిగిందనే అంటుంది వాళ్లమ్మ.

"కోడ్ మెసేజ్‌లో కూడానా? పగిలిందని చెప్పి చావొచ్చు గదా!"

"మొగుడు వేటకు పొయ్యుండాడక్కా. నా నోటితో ఆ మాట అంటానా? నీ డ్యూటీ తగలెయ్య! లారీలోంచి దించేటప్పుడు మిషను దాచిన నీలి బొమ్మ పెరిగింది. మిషను తీసి ఆ పచ్చ చేప కడుపులో పెట్టినారు."

విక్టర్ మైకు ముందుకొచ్చాడు. లైట్ షో మొదలంటూ జేబులోంచి రిమోట్ తీశాడు. సుభాషిణి పచ్చ చేప వైపు దూసుకెళ్లింది. క్లిప్పు జుయ్యిమంది.

"ముందు రేవతిని అరెస్ట్ చెయ్! ఇది ఆర్డర్!" చెవిలో చీఫ్.

సుభాషిణి ఇయర్‌పీస్ పీకి పారేసింది. ప్రారంభోత్సవానికి తెచ్చిన, ఇంకా వెలిగించని ఇత్తడి దీపపు కుందె చేతికందింది. విక్టర్ బొటనవేలు బటన్ మీదికి వెళ్లింది. ఒకే దెబ్బ. చేప ముక్కలైంది. రెండో దెబ్బకు లోపలి డబ్బా చచ్చింది. విక్టర్ పిచ్చివాడిలా రిమోట్ నొక్కుతుంటే రేవతి వెనకనుంచి చెయ్యి మెలిపెట్టి నేల కరిపించింది.

ఇది కూడా ఆర్టే అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

పడవలు దారి తప్పలేదు. రేవతి మొగుడు పెంచల్ ఒడ్డుకొస్తున్నాడు. ఆమె మీద మీ అరెస్ట్ ఆర్డర్ మాత్రం ఇంకా బతికే ఉంది. అతను ఇసుక మీద కాలు పెట్టేలోపు దాన్ని రద్దు చేయండి. ఆమెకు క్షమాపణ చెప్పండి. తెలుగులో, మీ సొంత నోటితో.