మామగారి కొక్కెం

గడ్డం సగం గీసి ఉండగానే రిస్క్ ఆఫీసర్ చనిపోయాడు. మంగలి కత్తి కడుక్కోవడానికి పక్కకి తిరిగాడు. అంతలో కిటికీ అద్దానికి చిన్న చిల్లు పడింది. కుర్చీలో మనిషి తల వాల్చేశాడు. కునుకు తీస్తున్నాడనుకుని మంగలి రెండో చెంపకి సబ్బు రాశాడు. నురగ ఎర్రబడ్డాక గానీ అతనికి విషయం అర్థం కాలేదు.

పోయినవాడి గుప్పిట్లో ఒక ఇత్తడి బిళ్ళ దొరికింది. కొత్తది. గీత కూడా పడలేదు.

మర్నాడు ఆ బిళ్ళ చీఫ్ టేబుల్ మీద ఉంది. ఎదురు కుర్చీలో తాళం కూర్చున్నాడు. ఏజెంట్లందరికీ కోడ్ పేర్లు డిపార్ట్‌మెంట్ పెట్టింది, ఇతనికి మాత్రం తోటివాళ్ళు పెట్టారు. నోరు తెరవడని. భార్య పోయాక ఆ పేరు మరీ అతికింది.

"ఏంటిది?" అన్నాడు చీఫ్.

"గని బిళ్ళ. కిందికి దిగేవాడు బోర్డు మీద ఉన్న తన బిళ్ళ తీసి జేబులో వేసుకుంటాడు. పైకొచ్చాక మళ్ళీ తగిలిస్తాడు. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి కింద ఉన్నట్టు."

"నీ నోట ఇన్ని మాటలు వినడం ఇదే మొదలు."

తాళం బిళ్ళని అతని వైపు తోశాడు.

చీఫ్ ఫైలు తెరవకుండానే చెప్పుకుపోయాడు. ఆ మైనింగ్ కంపెనీకి గనులున్నవన్నీ కుదురులేని ప్రాంతాలే. ఏ సర్కారు ఎప్పుడు పడుతుంది, ఏ గుంపు ఎప్పుడు తుపాకీ పడుతుంది, లైసెన్స్ ఎప్పుడు ఊడుతుంది అని లెక్క కట్టడానికి ప్రతి గనికీ ఒక రిస్క్ ఆఫీసు ఉంది. పోయినవాడు పనిచేసింది అలాంటి ఒక ఆఫీసులోనే. ఇప్పుడు ఆ గని మీద ఒక విదేశీ ముఠా కన్ను పడింది. డిపార్ట్‌మెంట్ దానికి పెట్టిన పేరు గద్ద.

"గురువారం గనుల మంత్రి, యూనియన్ సెక్రటరీ కలిసి కిందికి దిగుతున్నారు. కొత్త సొరంగం చూసొచ్చి, రాబోయే సమ్మె ఆపేస్తారట. వాళ్ళిద్దరూ కిందే పోయారనుకో, పైన ఊరు తగలబడుతుంది. లైసెన్స్ రద్దు. కొత్త వేలం. గద్ద వచ్చి వాలుతుంది."

"ఊఁ."

"సెక్రటరీ నీ బావమరిది కదూ?"

"మా ఆవిడ తమ్ముడు."

"రెండూ ఒకటేగా?"

"ఒకప్పుడు."

చీఫ్ ఒక చెవి మిషన్, ఒక పెన్ను ముందుకు తోశాడు. "ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా వెళ్ళు. చెవిటివాడి ముందు ఎవరూ నోరు దాచుకోరు. గోడవతల మాట కూడా మిషన్ పట్టేస్తుంది. పెన్ను మూత తిప్పితే చుట్టుపక్కల వైర్‌లెస్ మూగబోతుంది. అక్కడ మన మనిషి ఒకామె ఉంది. కోడ్ పేరు గాజు. మీ బావమరిదిని పైకి తీసుకురా. మంత్రి కూడా బతికితే సంతోషం."

తాళం బిళ్ళ వైపు ఇంకోసారి చూసి లేచాడు. భార్య తరఫున ఆ ఇంట్లో మిగిలింది ఆ ఒక్క కుర్రాడే. సంతోషం మాట అతనికి పట్టలేదు.

గాజు గని గెస్ట్‌హౌస్‌లో కనిపించింది. పచ్చ చీర, పొడుగు చేతుల జాకెట్టు, చెవులకి రాళ్ళు. ఆమె నడిచివస్తుంటే గుమాస్తాలు టైపు చేస్తున్న వాక్యం మధ్యలో వదిలేశారు. కంపెనీకి ఆమె చీఫ్ రిస్క్ కన్సల్టెంట్. వెనక గోడంతా ఒక పెద్ద మ్యాపు. ప్రమాదం ఎక్కువున్న చోట ఎరుపు, తక్కువున్న చోట ఆకుపచ్చ. ఈ గని చుట్టూ రంగు ఎర్రగా గడ్డకట్టుకుని ఉంది.

"మీ వాచీ ముందుందా, వెనకుందా?" అంది ఆమె.

"ఆగిపోయింది. అలవాటుగా పెట్టుకుంటున్నాను."

కోడ్ కుదిరింది. ఆమె కూర్చోమంది.

"మ్యాపు ఎర్రగా ఉంది," అన్నాడు తాళం.

"ఈ నెలలోనే గొడవ జరుగుతుందని రాశాను. నా అంచనా ఇంతవరకు తప్పలేదు."

"ఒక్కసారి కూడా?"

"ఏ పనీ సగంలో వదలను సార్. అదొక్కటే నాలో ఉన్న మంచి గుణం." నవ్వింది. ఆ నవ్వు చూసి ఎవడైనా కాస్త కరుగుతాడు. తాళానికి గోడ మీద బల్లి కనిపించినట్టే ఉంది.

గురువారం మధ్యాహ్నం గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గర జనం గుమిగూడారు. మంత్రికి హెల్మెట్ పట్టలేదు, ఇంకోటి తెచ్చారు. యూనియన్ సెక్రటరీ సన్నగా, మెడ నిక్కించి నిలబడ్డాడు. అక్క నుదురు, అక్క ముక్కు. గడ్డం పెంచి, గూని పెట్టి, చెవిలో మిషన్ దూర్చుకున్న సర్వేయర్ మీదుగా అతని చూపు ఒకసారి వెళ్ళి, ఆగకుండా సాగిపోయింది. అక్క చితి ఆరాక గానీ ఊరు చేరని బావతో అతను ఆ రోజు నుంచి మాట్లాడలేదు.

బోర్డు నుంచి బిళ్ళలు తీసుకుని అందరూ లిఫ్టు ఎక్కారు. లిఫ్టు దిగిపోయింది.

ఈ గని పద్ధతి తాళానికి భార్య చెప్పగా తెలుసు. పొద్దుటి షిఫ్టువాళ్ళు రాతిలో మందు దట్టించి ఉంచుతారు. షిఫ్టు మారేటప్పుడు, కింద ఎవరూ లేనప్పుడే పేలుస్తారు. అందుకే బోర్డుకి కరెంటు పెట్టారు. బిళ్ళ బరువుకి కొక్కెం కిందికి వంగితే తీగ కలుస్తుంది. అన్నీ వంగితేనే మేస్త్రి కేబిన్‌లో పచ్చ దీపం వెలుగుతుంది. దీపం వెలిగాక మేస్త్రి మూడు సైరన్లు మోగించి తాళంచెవి తిప్పుతాడు. ఒక్క బిళ్ళ లేకపోయినా తాళంచెవి తిరుగుతుంది గానీ మందు పేలదు. ఒకడి బిళ్ళ ఇంకొకడు ముట్టుకున్నాడో, వాణ్ణి గేటు బయటికి గెంటేస్తారు. అందులో పెద్దా చిన్నా లేదు.

ఆ బోర్డు మీద ఒక కొక్కెం ఎప్పుడూ ఖాళీ. అది తాళం మామగారిది. పైకప్పు కూలినప్పుడు ఆయన కిందే ఉండిపోయాడు. శవం దొరకలేదు, జేబులో బిళ్ళా దొరకలేదు. ఆ కొక్కేనికి ఇంకొకరి బిళ్ళ తగిలించడానికి కార్మికులు ఒప్పుకోలేదు. ఎలక్ట్రీషియన్ వెనక నుంచి రాగి తీగ చుట్టి, ఆ కొక్కేన్ని లెక్కలోంచి తప్పించాడు. "మా నాన్న ఇంకా డ్యూటీ దిగలేదు," అనేది తాళం భార్య, అన్నంలోకి కూర వడ్డిస్తూ, మామూలుగా.

గెస్ట్‌హౌస్ వరండాలో తాళం కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. చెవి మిషన్‌లో గోడవతల గాజు గొంతు వినిపించింది. ఫోన్‌లో మాట్లాడుతోంది.

"మేస్త్రి గారూ, మంత్రిగారి బృందం రెండో షాఫ్ట్ నుంచి పైకొచ్చేసింది. బిళ్ళలు కూడా తగిలించేశారు. మీ దీపం చూసుకోండి."

తాళం లేచాడు. రెండో షాఫ్ట్ గేటు వరండాలోంచి కనిపిస్తూనే ఉంది. దానికి బయటి నుంచి గొళ్ళెం పెట్టి ఉంది.

బిళ్ళల గదిలో రోజూ ఉండే కాపలాదారు లేడు. కొత్త సెక్యూరిటీ గార్డు స్టూల్ మీద కూర్చుని చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు.

"బోర్డు ఫుల్లు సార్. మేడమ్ గారే వచ్చి పెట్టి వెళ్ళారు. ఎంత ఓపికండీ ఆవిడకి!"

మొదటి సైరన్ మోగింది.

తాళం బోర్డు చూశాడు. బిళ్ళలన్నీ కళకళలాడుతున్నాయి. పాతవాటి మధ్య అక్కడక్కడ కొత్త ఇత్తడి నకిలీలు. మామగారి కొక్కేనికి కూడా ఒకటి వేలాడుతోంది. పాత పేర్లన్నీ చూసి, ఏదీ వదలకుండా చేయించినట్టున్నారు. రాతి కింద ఉన్న బిళ్ళ పైకెలా వచ్చిందని ఎవరికీ అనుమానం రాలేదు.

"కేబిన్‌కి ఫోన్ చెయ్యి. ఆపమను!"

గార్డు రిసీవర్ ఎత్తాడు. "చడీచప్పుడు లేదు సార్."

తీగ కోసేసి ఉంది. చీఫ్ ఇచ్చిన పెన్ను వైర్‌లెస్‌ని ఆపగలదు. ఇక్కడ ఆపాల్సింది వైరుని.

"కదలకండి." గుమ్మంలో గాజు. చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్. గార్డు స్టూల్‌తో సహా మూలకి జరిగాడు. "చెవిటివాళ్ళకి సైరన్ వినబడదనుకున్నాను."

"ఎవరి జీతం తింటున్నారు?"

"ఇద్దరిదీ. మీ వాళ్ళది ఆలస్యంగా వస్తుంది."

రెండో సైరన్.

"రిస్క్ ఆఫీసర్‌ని ఎందుకు చంపారు?"

"నా సంచిలోంచి ఒక బిళ్ళ కాజేశాడు. ఇంకోటి చేయించుకోవాల్సొచ్చింది. చెప్పాగా, నేను ఏదీ సగంలో వదలను. బోర్డుకి దూరంగా జరగండి."

తాళం కుడిచేయి మెల్లగా పైకి లేచింది. మామగారి కొక్కెం వైపు. ఆమె చూపూ, గురీ ఆ చేతి వెంటే వెళ్ళాయి. ఎడమచేయి పక్క కొక్కెం దగ్గర ఉంది. అది బావమరిదిది. తండ్రీకొడుకుల కొక్కేలు పక్కపక్కనే.

"ఆ బిళ్ళ వదలండి!"

మూడో సైరన్ మొదలైంది. తాళం మామగారి బిళ్ళ పట్టుకుని లాగాడు. పిస్టల్ పేలింది. కుడి అరచెయ్యి చిట్లింది. ఇత్తడి బిళ్ళ ఎగిరి గచ్చు మీద దొర్లింది. బోర్డు మీద ఏ మార్పూ లేదు. ఆ కొక్కెంలో ఎన్నాళ్ళ నుంచో కరెంటు లేదు.

సైరన్ ఆగింది. కేబిన్‌లో మేస్త్రి తాళంచెవి తిప్పాడు.

నేల అదరలేదు.

తాళం ఎడమచేతి గుప్పిట విప్పాడు. అందులో బావమరిది బిళ్ళ ఉంది.

పిస్టల్‌లో ఉన్నది ఒకటే గుండు. గాజు గుమ్మం వైపు తిరిగేలోపు గార్డు స్టూల్ ఎత్తి ఆమె మీద వేశాడు. తర్వాత ఆమెకి క్షమాపణ కూడా చెప్పాడు. మేడమ్ అన్న అలవాటు పోలేదు.

సొరంగంలో ఉన్నవాళ్ళు పైకొచ్చేసరికి తాళం గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చేతికి గార్డు తువ్వాలు. నొప్పి ఉందని తెలుస్తోంది, ఎవరిదో అయినట్టుగా. మంత్రి గారు హెల్మెట్ తీసి దుమ్ము దులుపుకుంటూ కారు కోసం అరిచారు. జరిగింది విని కూడా కారు కోసమే అరిచారు.

బావమరిది బోర్డు ముందు ఆగాడు. గచ్చు మీది కొత్త బిళ్ళ చూశాడు. దాని మీద తండ్రి పేరు చదివాడు. వంగి తీసి, కిటికీలోంచి బయటికి విసిరేశాడు.

"గూని నీకు నప్పలేదు," అన్నాడు ఆఖరికి.

"గుర్తుపట్టావా?"

"షాఫ్ట్ దగ్గరే. మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నా కదా, చెప్పలేదు."

"ఇప్పుడు మాట్లాడుతున్నావుగా."

"నీతో కాదు బావా. సర్వేయర్‌తో." తన బిళ్ళ అతని ఎడమచేతిలోంచి తీసుకున్నాడు. నెత్తురు చొక్కాకి తుడిచి, కొక్కేనికి తగిలించాడు. "ఇంకొకడి బిళ్ళ ముట్టుకున్నావు. రూలు తెలుసుగా?"

"మీ అక్క చెప్పింది."

"అయితే నడు."

గేటు దాకా పక్కనే నడిచాడు. తాళం తడబడినప్పుడు మోచెయ్యి పట్టుకున్నాడు. గేటు దాటాక వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

నెలాఖరుకి కొత్త కన్సల్టెంట్ మ్యాపు మార్చాడు. ఆ గని ఆకుపచ్చలోకి వచ్చింది: సమ్మె లేదు, గొడవల్లేవు, రిస్క్ స్వల్పం. ప్రాంగణంలో అడుగుపెట్టకూడని ప్రమాదకర వ్యక్తులంటూ యూనియన్ అతికించిన నోటీసులో పేరు ఒక్కటే ఉంది. సెక్రటరీ గారి బావ.