తిత్తిలో మిగిలిన ఊపిరి

వాన పట్టిన మధ్యాహ్నం. అత్తా అల్లుడూ ఇద్దరే మేడమీద గదిలో కూర్చుని, పోయిన పిల్ల వాయిద్యాలు పెట్టెల్లో సర్దుతున్నారు. మర్నాడు పొద్దున్నే సంగీత కళాశాల వాళ్ళ వ్యాను వస్తుంది. ఈలోగా ప్రతిదానికీ పాత దుప్పటి చుట్టాలి, తాడు కట్టాలి, చీటీ అంటించాలి. మాట్లాడుకోవడానికి వాళ్ళిద్దరికీ అంతకుమించి ఏమీ లేదు.

శబ్దం బయటికి పోకుండా గది నాలుగు గోడలకీ మందపాటి బొంతలు కొట్టి ఉన్నాయి. కిటికీ కూడా బొంత వెనకే. తోలు, మైనం, పాత చెక్క, ఎండిన ఉమ్మి కలిసిన వాసన. అంతా ఏయే దేశాల నుంచో వచ్చిన సరుకు. కొండల్లో వాళ్ళ కొమ్ముబూరలు, ఎడారి వాళ్ళ రెల్లు పిల్లనగ్రోవులు, గుర్రపు వెంట్రుకలే తీగలుగా కట్టిన వీణలాంటిదేదో, ఎముకతో చేసిన ఈల ఒకటి. ఆ ఈల చీటీ మీద ఏం రాయాలని ఆవిడ అడిగితే, ఎవరి ఎముకో మాత్రం రాయొద్దు, రాస్తే తీసుకోరు అన్నాడు అల్లుడు. ఇద్దరూ నవ్వబోయి మానేశారు.

ఆ గదిలో ఎవరైనా దగ్గితే చాలు, గోడకు తగిలించిన వాయిద్యాల తీగలన్నీ సన్నగా మూలిగేవి. కొత్తవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. పిచ్చుక మాత్రం, పలకరిస్తున్నారు, బదులు చెప్పండి అని నవ్వేది.

పిచ్చుక అంటే ఆవిడ కూతురే. మాటలు రాకముందే ఈల వేసిందని ఇంట్లో పెట్టుకున్న పేరు. ముప్పై ఆరేళ్ళు వచ్చినా అదే పేరు.

ఆ పిల్లకి ఒక నమ్మకం ఉండేది. ఊదే వాయిద్యంలో, దాన్ని ఊదినవాళ్ళందరి ఊపిరీ కొంచెం కొంచెం ఉండిపోతుందని. వాళ్ళందరూ తన వాళ్ళే అన్నట్టు మాట్లాడేది. వాయించడం అయ్యాక, కింద పెట్టేముందు, పెదాలు తీయకుండా ఒక్క ఊపిరి వెనక్కి పీల్చుకునేది. తనది తను తెచ్చేసుకోవాలట, లేకపోతే అందులోనే ఉండిపోతుందట. తల్లికి ఆ మాట గిట్టేది కాదు. ఎవరెవరో చచ్చినవాళ్ళ ఎంగిలి నోట్లో పెట్టుకుని తిరుగుతున్నావు, నీకీ ఆయాసం ఊరికే వస్తోందా అని ఒకరోజు గుమ్మంలోనే నిలబడి దులిపేసింది. పిల్ల ఏదో చెప్పబోయింది. తల్లి చెప్పనివ్వలేదు.

"వాళ్ళు నాతో మాట్లాడినపాటి కూడా నువ్వు మాట్లాడవు కదమ్మా," అంది పిల్ల చివరికి.

అంతే. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆవిడ ఈ మెట్లు ఎక్కలేదు. మళ్ళీ ఎక్కింది రెండు నెలల కిందట, శవాన్ని దింపడానికి.

సర్దడం సగమయ్యాక, మూలన దుప్పటి కింద బొద్దుగా ఏదో కనిపించింది. ఆవిడ దుప్పటి లాగింది. మేకతోలు తిత్తి. నోట్లో పెట్టుకునే గొట్టం ఒకటి, పాడే గొట్టాలు రెండు. చంకలో ఇరికించుకుని ఊదుతూ, మోచేత్తో నొక్కుతూ వాయించేది. పిల్ల పోయింది దాన్ని వాయిస్తూనే. గొట్టం నోట్లో ఉండగానే.

తిత్తి నిండుగా ఉంది.

దాన్ని తను సర్దుతానని, ముట్టుకోవద్దని అల్లుడు గబగబా అన్నాడు. ఎందుకని అడిగితే చివరికి చెప్పాడు. అతని పని వాయిద్యాలు బాగుచెయ్యడమే. ఏ తిత్తి అయినా ఊదడం ఆపితే కాసేపటికే వాలిపోతుంది. గాలి వెనక్కి రాకుండా నోటిగొట్టంలో చిన్న తోలు బిళ్ళ ఉంటుంది. తన ఊపిరి తను వెనక్కి తీసుకోవడానికి అది అడ్డమని, పిచ్చుక అతని చేతే పీకించేసింది. అంటే ఇప్పుడు దాని కన్నాలన్నీ తెరిచే ఉన్నాయి. అయినా రెండు నెలలుగా అది వాలలేదు.

"నాకెందుకు చెప్పలేదు బాబూ?"

"చెబితే ఏమంటారో తెలుసు కదా అత్తయ్యా."

కింద ఎవరో తలుపు తట్టారు. మిగతా పెట్టెలు తెచ్చిన వడ్రంగి. అల్లుడు దిగి వెళ్ళాడు.

ఆవిడ తిత్తిని ఒళ్ళోకి తీసుకుంది. వెచ్చగా ఉంది. పాలు తాగి నిద్రపోయిన పసిపిల్లలా ఒదిగింది. చెవి ఆనించి చూసింది. ఏమీ వినిపించలేదు. వాన కూడా వినిపించలేదు.

వెనక్కి తీసుకునే వ్యవధి లేక, పిల్లది ఒక్క ఊపిరి ఇందులో మిగిలిపోయింది. రేపు ముక్కూమొహం తెలియని వాడెవడో చంకలో పెట్టుకుని ఒక్క నొక్కు నొక్కితే అదీ పోతుంది. నాలుగేళ్ళ పంతానికి తనకు దక్కింది ఇంతే. ఇదీ పరాయివాళ్ళ పాలేనా?

ఎంగిలి అన్న మనిషే, గొట్టం తుడవనైనా తుడవకుండా నోట్లో పెట్టుకుంది. మెల్లగా పీల్చింది.

లవంగం వాసన. గొంతు కోసమని పిల్ల ఎప్పుడూ బుగ్గన పెట్టుకునే లవంగం. ఆవిడ కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. పక్కటెముకల మూలల దాకా నిండింది పిల్ల. వచ్చావా, అనుకుంది.

అక్కడితో ఆపాల్సింది.

తిత్తి వాలలేదు. ఇంకొంచెం ఉందేమో అనుకుంది. ఇంకొక్కటి...

రెండో ఊపిరిలో పొగాకు. తడిసిన గొర్రె ఉన్ని. లవంగం లేదు.

నోరు తీసేయబోయింది. రాలేదు.

మూడోది ఆవిడ పీల్చలేదు. అదే వచ్చింది. అప్పుడే తవ్విన మట్టి వాసన... ఆ వెనకే ఇంకొకటి. ఇంకొకటి... తిత్తి వాలడం మొదలైంది. ఎవరి మోచెయ్యీ లేకుండానే నలుగుతోంది. మడతలు పడుతోంది. తొందరపడుతోంది...

గోడకింకా మిగిలిన తీగలు మూలిగాయి. ఆవిడ దగ్గలేదు. గొంతు కదపలేదు. అయినా అన్నీ మూలుగుతున్నాయి. పలకరింపులా లేదు. ఎవరినో సాగనంపుతున్నట్టుంది.

అల్లుడు పైకి వచ్చేసరికి తిత్తి ఆవిడ ఒళ్ళో వాలిపోయి ఉంది. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ముందు ఇచ్చారా?" అన్నాడు, గుసగుసగా.

"ఏమివ్వడం?"

"మీ ఊపిరి. తను ముందు ఊదేది. తర్వాతే పీల్చేది. ముందు మనది ఇస్తే లోపలివాళ్ళు మనల్ని గుర్తుపడతారట. అప్పుడు మనది మనకి వదులుతారట. ఇవ్వకుండా లాగితే..."

"లాగితే?"

అతను, పిచ్చుక ఇదంతా మీకు చెప్పనే లేదా అన్నట్టు చూశాడు. చెప్పబోయింది. ఆ రోజు గుమ్మంలో చెప్పబోయింది. తనే చెప్పనివ్వలేదు.

తిత్తి మర్నాడు అందరితో పాటే వ్యాను ఎక్కింది.

ఆవిడకి జబ్బంటూ ఏమీ లేదు. ఆకలి మామూలే, నిద్ర మామూలే. ఒంటరిగా ఉన్నప్పుడు లవంగం వాసన కోసం ఊపిరి వదిలి చూసుకునేది. ఒక్కసారీ రాలేదు. వారం తర్వాత అల్లుడే బలవంతాన వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాడు. కుర్రవైద్యుడు, కలుపుగోలు మనిషి. వీపు మీద గొట్టం ఆనించి పీల్చమన్నాడు, వదలమన్నాడు. బాగానే ఉందన్నాడు. చివరికి గట్టిగా పీల్చి, కాసేపు బిగబట్టమన్నాడు.

ఆవిడ బిగబట్టింది.

అతను విన్నాడు. చెవుల్లో గొట్టాలు సర్దుకుని మళ్ళీ విన్నాడు.

"బిగబట్టమన్నాను కదమ్మా," అన్నాడు.

ఆవిడ బిగబట్టే ఉంది. పెదాలు మూసి, ముక్కు కూడా వేళ్ళతో నొక్కిపట్టింది.

అల్లుడు అది చూసి కుర్చీలోంచి లేచాడు. వైద్యుడు ఆవిడ వీపు మీద గొట్టాన్ని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి కిందికి, అక్కడి నుంచి మెల్లగా మెడవైపుకి జరుపుతూ పోయాడు. లోపల ఎవరో నడుస్తుంటే, వెంట వెళ్తున్నట్టు.