కుడి కన్నులో తడి

"ఏమండీ, వాడేసిన బొమ్మ అంటగట్టారా నాకు?"

తడిసిన గొడుగుతోనే బొమ్మల దుకాణంలోకొచ్చి, కోరికలు తీర్చే ఎర్రటి దరుమా బొమ్మను బల్లమీద పెట్టింది ఫుమినో. తకసాకి ఊళ్లో ఆ ఉదయం నుంచీ వానే.

బొమ్మలకు కనుబొమలు గీస్తున్న షిగెకి కుంచె దించాడు. బొమ్మ కుడి కన్ను ఖాళీగా ఉంది, ఎడమ కన్ను నల్లగా అతన్నే చూస్తోంది.

"మేం కళ్లు పెట్టం. కోరుకున్నప్పుడు ఎడమది, తీరాక కుడిది కొన్నవాళ్లే పెట్టుకోవాలి."

"నేనింకా ఏమీ కోరుకోలేదు. అమ్మమ్మ పటం ముందు పెట్టి పడుకున్నాను. పొద్దున్నే లేస్తే ఇలా చూస్తోంది."

"నిద్రలో కోరుకున్నారేమో."

"నిద్రలో సిరా కూడా నూరానా?"

నవ్వి, కొత్తది ఇచ్చాడు. మర్నాడు అదే గొడుగు, అదే కోపం, మరో ఒంటికన్ను బొమ్మ.

షిగెకి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. గీత ఎడమచేత్తో తిప్పినది. అలా తిప్పే చెయ్యి అతనికి ఒక్కటే తెలుసు.

"మీ అమ్మమ్మ పేరు?"

"తొమె. ఇక్కడే నలభై ఏళ్లు పనిచేసింది. పోయి నెలయింది."

"తొమె బామ్మా! నాకు కుంచె పట్టడం నేర్పిందే ఆవిడ, ఆ ఎడమచేత్తోనే. 'నా మనవరాలు ఏదో ఒకరోజు పోట్లాటకొస్తుంది, ఎదురు చెప్పకుండా టీ ఇవ్వరా' అనేది."

ఫుమినో కళ్లు నిండాయి. అతను టీ పోశాడు. వేడి కప్పును ఆమె రెండు చేతులా పట్టుకుంది.

"ఆదివారం దూరాన సప్పొరో నగరానికి వెళ్లిపోతున్నాను. అక్కడ ఉద్యోగం చూసుకున్నాను. ఇక్కడ నాకెవరున్నారని?"

ఆదివారం అంటే ఎల్లుండే. షిగెకి టీ కూజా దించేశాడు.

"వెళ్లకండి."

"ఎందుకట?"

"రోజూ వచ్చి తిట్టే గిరాకీ ఇంకెవరూ లేరు."

"అంతేనా?"

"కాదు. నిన్న మీరు వెళ్లాక మళ్లీ వస్తారా అని వీధివైపే చూస్తూ కూర్చున్నాను. మూడు బొమ్మలకి కనుబొమలు వంకర పోయాయి. రెండు రోజులకే ఇలా అనడం పిచ్చే. అయినా ఉండిపోండి."

ఆమె కప్పు కింద పెట్టింది.

"స్టేషన్‌లో టికెట్ వెనక్కి తీసుకుంటారంటారా?"

"నేనూ తోడొస్తాను!"

గొడుగు కోసం ఇద్దరూ ఒకేసారి తిరిగి, బల్లవైపు చూస్తూ అలాగే నిలబడిపోయారు. బల్లమీది బొమ్మలను ఎవరూ ముట్టుకోలేదు. కానీ ఇప్పుడు రెండింటికీ కుడి కన్నూ ఉంది. తడి ఇంకా ఆరలేదు. ఒకదాని చెంపమీదుగా సిరాచుక్క జారుతోంది.

షిగెకి గుడ్డ అందుకున్నాడు. ఫుమినో అతని చెయ్యి పట్టుకుంది.

"తుడవకండి. అమ్మమ్మ ఎప్పుడూ సిరా ఎక్కువే ముంచేది."