ట్యాంక్ కాడి శంకరవ్వ

కరీంనగర్ల గంగా నిలయం అపార్ట్‌మెంట్ ఎక్కడ అని అడిగితే ఆటో వాళ్లకు తెల్వది. ముసల్ది తిరిగే బిల్డింగ్ అని చెప్పుండ్రి... మారు మాట్లాడకుంట తీస్కపోయి, గేటుకు జర ఇవతల్నే దించి, కిరాయి చేతుల పడంగనే మర్లిపోతరు.

పొద్దంత ఏం ఉండది. పైన స్లాబు మీద బట్టలు ఆరేస్తరు, వడియాలు పెడుతరు. చీకటి పడ్డదంటే మాత్రం ఆ మెట్ల దిక్కు చూసేటోడు లేడు. పైన రెండు నల్ల ట్యాంకులు ఉన్నయి. రెండిటి నడుమ ఒక మనిషి పట్టేంత సందు. రాత్రి పూట ఆ సందుల నుంచి కడియాల సప్పుడు వస్తదట... ఘల్లు... ఘల్లు... దాని ఎనుక నీళ్ల వాల్ తిప్పిన సప్పుడు... కిర్రు... అంతే — బిల్డింగ్ మొత్తం నల్లాలు ఒక్కసారే బంద్.

నేను నా కండ్లతోని చూడలే. విన్నదే చెప్తున్న. నమ్ముతె నమ్ముండ్రి, లేకుంటే మీ ఇంట్ల నల్లా గట్టిగ బంద్ చేసుకొని పండుకోండ్రి.

గంగా నిలయం అన్నది పేరుకే గంగ. మానేరు డ్యాం కట్ట మీద నిలవడితే కండ్లు ఆనినంత దూరం నీళ్లే. ఆ కట్టకు దగ్గర్నే ఉన్న ఈ బిల్డింగుల ఎండకాలం వస్తే బోరు దగ్గుతది. ఒక దమ్ము నీళ్లు పోస్తే ఇంకో దమ్ము గాలి పోస్తది. ఇగ ట్యాంకర్లు తెప్పియ్యాలె. ట్యాంకర్ ఖర్చు అన్ని ఇండ్లకు సమానం. అండ్లనే ఉన్నది తిరకాసు. పైసలు సమానమైనప్పుడు నీళ్లు తక్కువ వాడినోడే పిచ్చోడు గదా.

మూడో అంతస్తుల మల్లేష్ సారు ఉంటడు. బడిల పిల్లలతోని నీటి పొదుపు మీద వ్యాసాలు రాయిస్తడు. ఆయన గడ్డం గీసుకునేటప్పుడు నల్లా ఇప్పితే... గీసుడు అయిపోయి, పాట పాడుడు అయిపోయి, ఎవరికో ఫోన్ చేసుడు అయినంక గని బంద్ చెయ్యడు. రెండో అంతస్తు పద్మలత మేడం పైపు పెట్టి బాల్కనీ కడుగుతది. కడిగినంక అదే పైపుతోని కింద రోడ్డు గూడ కడుగుతది. రోడ్డు మీది దుమ్మే గదా పైకి వచ్చేది అంటది.

వీళ్లందరిని చూసి లోపల్లోపల కుమిలేటోడు ఒక్కడే — అసోసియేషన్ సెక్రటరీ దేవదాస్. ఊరు బోథ్ దిక్కు. జవానీ అంత మస్కట్ల పైపులు బిగించుకుంట గడిపి, కూడవెట్టిన సొమ్ము మొత్తం తెచ్చి ఇక్కడ ఒక్క ఫ్లాటుల పోసిండు. గుంట భూమి లేదు, ఇంకో ఆసరా లేదు. బోరు ఎండిందంటే ఆ ఫ్లాటును కొనేటోడు ఉండడు, కిరాయికి వచ్చేటోడు గూడ ఉండడు. మోటర్ గొంతు జర మారితే చాలు, దేవదాస్ గుండె దడదడ కొట్టుకునేది. అయినా మీటింగుల మాత్రం ఆయనకు నోరు లేవది. ఎవరినన్న ఏమన్న అంటే దుష్మన్ అయితరేమో అని భయం.

నోరున్నది ఒక్క శంకరవ్వకే. చొప్పదండి అవతలి పల్లె నుంచి బిడ్డ బాలలక్ష్మి ఇంటికి వచ్చి, కింది ఫ్లాటుల ఉండిపోయింది. బాయి నీళ్లు చేది చేది అరచేతులు కాయలు కాసిన మనిషి. ఎవరింట్ల నల్లా కారిన సప్పుడు వినపడ్డా సరే, కాళ్ల కడియాలు ఘల్లుమనుకుంట మెట్లెక్కి పోయి తలుపు కొట్టేది. ఈ నీళ్లు మీ తాత తవ్వించిండా అని మల్లేష్ సారునే అడిగింది. ఇంటింటికి ఒక మీటర్ పెట్టుండ్రి, ఎవరు వాడిన దానికి వాళ్లే కడుతరు, గప్పుడు చూడుండ్రి తమాషా అని సెక్రటరీ ఎంబడి పడ్డది. దేవదాస్ ఏమో అట్లనే అవ్వా, చూద్దం అవ్వా అనుకుంట తప్పించుకొని తిరిగిండు.

ఆ శంకరవ్వ ఎండకాలం మొదట్ల నిద్రల్నే పోయింది.

పిట్టకు పెట్టేనాడు వచ్చింది. మన దిక్కు ఆచారమే గదా — పోయిన మనిషికి ఇష్టమైనయి అన్ని విస్తరాకుల పెడితే పిట్ట వచ్చి ముట్టాలె. ముట్టకపోతే ఏదో తీరని ఖాయిష్ మిగిలి ఉన్నట్టు లెక్క. అపార్ట్‌మెంటుల వేరే జాగ యాడిది... పైన స్లాబు మీద, ట్యాంకుల ముంగట విస్తరి పెట్టిండ్రు. బువ్వ, కోడికూర, గారెలు, ఇంత కల్లు.

కాకి వచ్చి ట్యాంక్ అంచుల కూసున్నది. చూస్తది గని దిగది.

మనుమరాలి పెండ్లి మంచిగ చేస్తనే అవ్వా అన్నది బాలలక్ష్మి. దిగలే. నీ చెల్లెను నేను అరుసుకుంట అన్నది. దిగలే. పొద్దు నడినెత్తి మీదికి వచ్చింది. స్లాబు పెనం లెక్క కాలుతున్నది, అందరివి ఉత్త కాళ్లు. పిట్ట తినకుంటే మనం గూడ తినొద్దా అని మల్లేష్ సారు గొణుగుడు మొదలుపెట్టిండు. బాలలక్ష్మి కండ్లల్ల నీళ్లు ఆగుతలేవు.

దేవదాస్‌కు అరికాళ్లు బొబ్బలెక్కినయి. ఓర్చుకోలేక చేతులు జోడించి అనేసిండు.

"శంకరవ్వా, ఇంటింటికి మీటర్ పెట్టిస్త. ఇది నా మాట."

ఆ మాట నోట్లె ఉండంగనే కాకి దిగింది. కోడికూర ముక్క కరుచుకొని పోయింది. అమ్మయ్య అని అందరు కిందికి ఉరికిండ్రు, కడుపునిండ తిన్నరు, నల్లాలు బార్లా తెరిచి చేతులు కడుక్కున్నరు.

తర్వాత మీటింగ్ అయింది. శంకరవ్వ ఫోటోకు దండ ఏసి, అందరు నిలవడి దండం పెట్టి, కూసుండి, మీటర్లు వద్దన్నరు. మా ఇంట్ల ఉండేది ఇద్దరమే గని వచ్చిపోయే చుట్టాలు మస్తుమంది, వాళ్లు పోసుకున్న నీళ్లకు గూడ మేమే కట్టాల్నా అన్నది పద్మలత మేడం. నీళ్లను కొలుచుడు మన సంస్కృతి కాదు అన్నడు మల్లేష్ సారు. పదిమందిల పాము చావదు అని ఊకనే అనలే పెద్దలు. నేను మాటిచ్చిన గదా... అని దేవదాస్ నసిగిండు. ఎవ్వరు వినలే. ఆయన గూడ రెండోసారి అనలే.

ఆ రాత్రే మొదలైంది.

మోటర్ ఎవరో ఇడిసిపెట్టి పండుకున్నరు. ట్యాంక్ పొర్లి నీళ్లు గోడల మీంచి కారుతున్నయి. ఆ సప్పుడుకు దేవదాస్‌కు మెలకువ వచ్చింది. దోమలకు దుప్పటి నెత్తి మీద కప్పుకొని, నట్లు తిప్పే పానల గుత్తి నడుముకు చెక్కుకొని, మోటర్ బంద్ చేసి, పైకెక్కి సందుల దూరి, కారే నల్లాలకు పోకుంట ఇండ్లకు పోయే వాల్ గూడ బంద్ చేసిండు. పెండ్లాంకు తెల్వకుంట సిగరెట్ తాగుదమని మల్లేష్ సారు గూడ అప్పుడే పైకి వచ్చిండు. చీకట్ల, ట్యాంకుల నడుమ, ముసుగేసుకున్న ఆకారం... ఘల్లుమన్న సప్పుడు... ఇగ ఆయన మెట్లు దిగిండో, మెట్ల మీంచి ఎగిరిండో ఆయనకే తెల్వదు.

తెల్లారేసరికి బిల్డింగ్ అంత గుప్పుమన్నది. శంకరవ్వ వచ్చిందట, మల్లేష్ సారుకు వేలు చూపెట్టి బెదిరిచ్చిందట.

అరే, అది నేనే అని చెప్పబోయిండు దేవదాస్. అంతల చూస్తే — మల్లేష్ సారు ఒక్క చెంబు నీళ్లతోని గడ్డం గీసుకుంటుండు. పద్మలత మేడం తడిబట్ట పెట్టి బాల్కనీ తుడుస్తున్నది. తెరిచిన నోరు మెల్లగ మూసుకున్నడు.

మరునాటి రాత్రి పెండ్లాం కోమల పాత చీర తీసి గోచి పెట్టి కట్టుకున్నడు. మస్కట్ నుంచి తెచ్చిన డబ్బాల ఇనుప నట్లు ఉంటే దారానికి గుచ్చి కాళ్లకు కట్టుకున్నడు. కోమల చూసి పొట్ట పట్టుకొని నవ్వింది. నవ్వి నవ్వి, జర సేపటికి మొఖం మార్చింది.

"సచ్చిపోయిన మనిషితోని ఆటలొద్దయ్యా."

"ఆట కాదే. మన బోరు."

ఇగ రోజూ అదే పని. చీకటి పడ్డంక పైకి పోవుడు, నాలుగు అడుగులు గట్టిగ ఏసుడు, వాల్ తిప్పుడు. జనం పొద్దుగూకకముందే నీళ్లు పట్టుకొని, పట్టుకున్నయి పొదుపుగ వాడుకొని, నల్లా జోలికే పోకుంట అయిండ్రు. కారే నల్లాలకు వాషర్లు పడ్డయి. ట్యాంకర్ వచ్చుడు బందైంది. బోరు దగ్గుడు బందైంది. దేవదాస్‌కు ఎన్నో ఏండ్లకు కంటి నిండ నిద్ర పట్టింది.

కొన్నొద్దులైనంక మళ్ల మీటింగ్ పెట్టిండ్రు. సుల్తానాబాద్ కాడ ఎవరో మంత్రగాడు ఉన్నడట, పిలిపిచ్చి ముసల్దాన్ని ఎల్లగొట్టిద్దమా అని మాట వచ్చింది. గప్పుడు పద్మలత మేడం లేచి నిలవడ్డది. ఎల్లగొడితే మళ్ల ట్యాంకర్లు మొదలైతయి గదా, దయ్యానికైతే జీతం లేదు, బత్తెం లేదు అన్నది. అవును గదా అన్నరు అందరు. చేతులెత్తుమంటే చేతులెత్తిండ్రు. దయ్యాన్ని ఉంచుకుందమని తీర్మానం అయింది. పగటిపూట గూడ వస్తదేమో అడిగి చూద్దమా అని గూడ ఒకాయన అన్నడు.

చెయ్యి ఎత్తనిది బాలలక్ష్మి ఒక్కతే. తల వంచుకొని కూసున్నది కూసున్నట్టే లేచి, ఎవ్వరి మొఖం చూడకుంట ఎల్లిపోయింది. దేవదాస్ చూసిండు. చూసి గూడ పట్టించుకోలే.

అమాస రాత్రి. కరెంట్ గూడ పోయింది. కన్ను పొడుచుకున్నా కనవడని చీకటి. దేవదాస్ చీర కట్టుకొని, మీసాలు కనవడకుంట కొంగు పండ్లకింద గట్టిగ కరిచి పట్టుకొని పైకెక్కిండు. రెండు అడుగులు ఏసిండు... మూడో అడుగు పడలే.

సందుల ఎవరో ఉన్నరు.

కింద కూసున్నరు. ముంగట పళ్లెం... బువ్వ వాసన. ఆ ఆకారం కదిలింది. మోకాళ్ల మీద పాకుకుంట వచ్చి ఆయన కాళ్లు పట్టుకున్నది.

"అవ్వా... ఎన్నొద్దులు తిరుగుతవే ఇట్ల? కాళ్లు నొస్తలేవా?"

బాలలక్ష్మి. గొంతు గుసగుసగ ఉన్నది, ఏడ్చి ఏడ్చి పూడుకపోయి ఉన్నది. నీకు నిమ్మలం లేదని ఎర్కైనకాడికెల్లి నాకు బువ్వ దిగుతలేదే అన్నది. రోజూ నీ కోసం బువ్వ పట్టుకొని మెట్ల దాక వస్త, పైన నీ అడుగుల సప్పుడు వినంగనే భయమై కిందికి ఉరుకుత, కన్నతల్లికే భయపడితినే అని ఏడ్సింది. ఇయ్యాల్ల భయం ఇడిసిపెట్టి వచ్చిన అన్నది.

అక్కా, నేను దేవదాస్‌ను అని చెప్పాలె. చీర కట్టుకొని ఎట్ల చెప్పాలె? సిగ్గుతోని అక్కడికక్కడ సచ్చిపోవాలనిపిచ్చింది. ఆయనకు గూడ తల్లి పోయింది. మస్కట్ల ఉండి పిట్టకు పెట్టేనాటికి గూడ అందలే. అదంత ఒక్కసారే మీద పడ్డట్టైంది, కండ్లల్లకెల్లి నీళ్లు బొటబొట కారినయి.

"వాళ్లు నిన్ను ఉంచుకుంటరటనే అవ్వా. వాచ్‌మన్‌ను పెట్టుకున్నట్టు... చేతులెత్తిండ్రు." బాలలక్ష్మి ఆయన పాదాల మీద నొసలు ఆనిచ్చింది. "రేపు నా పుస్తెలతాడు అమ్ముత. అందరిండ్లకు నేనే మీటర్లు పెట్టిస్త. నువ్వు పో అవ్వా. నీకు దండం పెడుత, నువ్వు నిమ్మలంగ పో."

మెల్లగ, బొంగురు గొంతుతోని జవాబు వచ్చింది.

"పుస్తె ముట్టకు బిడ్డా. మాటిచ్చినోడే పెట్టిస్తడు. పెట్టియ్యకుంటే... వాని సంగతి నేను చూసుకుంట."

బాలలక్ష్మి తల ఎత్తింది. కడుపులకెల్లి పెద్ద ఊపిరి ఇడిసింది. ఎన్నో దినాలు మోసిన బరువు దించినట్టు, కండ్లు తుడుచుకొని, కాళ్లకు మొక్కి, పళ్లెం అక్కడనే పెట్టి, మెల్లగ మెట్లు దిగి ఎల్లిపోయింది.

దేవదాస్ ఉన్నకాడ ఉన్నట్టే నిలవడ్డడు. చీర కొంగు ఇంక పండ్లకిందనే ఉన్నది. దవడలు నొప్పి పెడుతున్నయి... పైకి ఎక్కినప్పటిసంది ఆయన నోరు తెరిస్తే గదా.

ఆ మాట వచ్చింది ఆయన ఎనుకకెల్లి.

మర్లి చూసిండో లేదో ఆయన ఇప్పటికి చెప్పడు. ఇంటికైతే రాలేదని కోమల చెప్తది. తెల్లారకముందే, బస్టాండ్ దిక్కు పైపుల దుకాణం అంజన్న షట్టర్ ఎత్తుదమని వస్తే, ముంగట మెట్టు మీద గోచి చీర కట్టుకున్న మనిషి ముసుగు ఏసుకొని గజగజ వణుక్కుంట కూసున్నదట. ఎవరో ఊరికెల్లి వచ్చిన ముసల్ది పాపం అనుకొని, అంజన్న షట్టర్ సగం ఎత్తి, ఏం కావాలె అవ్వా అని అడిగిండట.

మీటర్లు, ఇంటికి ఒకటి చొప్పున, అన్నదట అవ్వ, మీసాలు దువ్వుకుంట.