స్లూడర్ తాత దాచుకున్న వరస

నార్త్ కరొలైనా కొండల్లోకి రేడియో ఇంకా రాని రోజులవి. చీకటిపడ్డాక స్లూడర్ కొంపవైపు ఎవరూ వెళ్లేవారు కాదు. తలుపు ఊడిపోయిన దుంగల ఇల్లు అది. ముసలాడు పోయి మూడేళ్లయినా లోపల ఫిడేలు మోగుతోందనీ... ఆ మోత వింటే కంచరగాడిద కూడా అడుగు ముందుకెయ్యదనీ చెప్పుకునేవారు. పాస్టరుగారైతే తేల్చేశారు — "ఫిడేలంటేనే సైతాను పెట్టె. వాడి సొమ్ము వాడు వాయించుకుంటున్నాడు!"

ఆ ఊరి పిల్ల ఓర్లీనాకి సైతాను మీద కోపం లేదు. ఉన్నదల్లా స్లూడర్ మీదే.

ఆ కొండల్లో ఇంకెవరికీ రాని వరస ఒకటి ఆయన దగ్గరుండేది. అది వాయించేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చునేవాడు — వేళ్లు చూసి ఎవరైనా ఎత్తుకుపోతారని. చిన్నప్పుడు ఓర్లీనా ఓసారి తొంగిచూస్తే, "పోవే, పోయి రొట్టె కాల్చుకో! ఆడపిల్లకి ఫిడేలు కమానెందుకు?" అని కసిరాడు. ఎవరికీ నేర్పకుండానే పోయాడు.

ఇప్పుడు శనివారం కోర్టు దగ్గర ఫిడేళ్ల పోటీ. ఓర్లీనా పేరిచ్చింది. అక్కడ ఆడపిల్ల పేరివ్వడం అదే మొదలు.

"ఏం వాయిస్తావే? జోలపాటా?" వాళ్లన్న క్లెటస్ నవ్వాడు.

"స్లూడర్ వరస."

"అదెవడికొచ్చునే?"

"వచ్చినోడి దగ్గరికే పోతా."

పోయింది. చీకటిపడ్డాక ఫిడేలు ఒళ్లో పెట్టుకుని ఆ ఇంటి వాకిట్లో కూర్చుంది. గాలి లేదు. కీచురాళ్లు కూడా ఊరుకున్నాయి...

లోపల — ఎవరో తీగలు సవరించుకుంటున్నారు.

కమాను కదిలింది. అదే వరస! ఓర్లీనా తన ఫిడేలు కింది తీగలు రెండూ ఆ శ్రుతికి బిగించి, వెంబడే అందుకుంది. సగం చేతికొచ్చింది. రెండో సగం ఎత్తుకునే చోట — లోపల ఠక్కున ఆగిపోయింది.

కిర్రుమని చప్పుడు... కుర్చీ గోడవైపు తిరిగింది.

అంతే, భయం ఎటుపోయిందో పోయింది. ఒళ్లు మండిపోయింది.

"చచ్చి కూడా దాచుకుంటావా తాతా? దాచుకో! మిగతాది నేనే కట్టుకుంటా!"

కట్టింది. తప్పింది. తిట్టుకుని మళ్లీ పట్టుకుంది. చివరికి పై తీగమీద ఆ సగం ఏటికెదురీదే చేపలా ఎగిరింది. ఎవరి దగ్గరా ఎత్తుకున్నది కాదది!

ఫిడేలు చంకన పెట్టుకుని నాలుగడుగులు వేసిందో లేదో — వెనక మళ్లీ మోగింది.

తను ఇప్పుడే కట్టిన ముక్క... తడబడుతూ... తప్పుతూ... ఆగింది.

"అమ్మాయ్..." గుమ్మంలోంచి గుసగుస. "అక్కడ వేలెక్కడ పెట్టావే? ఇంకోసారి వాయించు..."

 ఓర్లీనా వెనక్కి తిరిగి, చీకట్లోకి సూటిగా చూసింది.

"శనివారం కోర్టు దగ్గరికి రా. అందరితోపాటు నిలబడి విను!"